పదోన్నతి వద్దనడం వెనుక

1977లో ప్రొబేషనరీ ఆఫీసరుగా స్టేట్ బ్యాంకులో చేరిన అరుంధతీ భట్టాచార్య 2013 అక్టోబరులో ఆ బ్యాంకుకే అధ్యక్షురాలయ్యారు. 1806 నాటి బ్యాంక్ ఆఫ్ కలకత్తాలో మూలాలున్న సంస్థకు మహిళ సారథి కావడం అదే మొదలు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ (ఎస్‌బీహెచ్) సహా అయిదు అనుబంధ బ్యాంకులు 2017లో విలీనమైంది ఆమె హయాంలోనే. తెలంగాణ పల్లెల్లోనూ పరిచితమైన ఎస్‌బీహెచ్ పేరు అలా చెరిగిపోయింది. మాకు మాత్రం ఆమె తెచ్చిన మరో నిర్ణయమే పెద్దదిగా కనిపిస్తుంది. పిల్లల పెంపకానికో, ఇంట్లో పెద్దల సంరక్షణకో మహిళా ఉద్యోగులు రెండేళ్ల వరకు సెలవు తీసుకునే వీలు అది. కూతురి చదువు కోసం ఉద్యోగం మానేద్దామని ఒకప్పుడు ఆమే అనుకున్నారు మరి! బ్యాంకుల్లో ఆడవాళ్లు చేరడం లేదా? చేరుతున్నారు. కానీ పదోన్నతితో పాటే దూరపు బదిలీ వస్తుందని తెలిసి, ఎందరో దరఖాస్తు దగ్గరే ఆగిపోతున్నారు. అది ఆసక్తి లేకపోవడం కాదు, ఇంటి బరువంతా ఒక్కరిమీదే ఉండడం. అరుంధతి 2017లో దిగిపోయాక స్టేట్ బ్యాంకు అధ్యక్ష పీఠంపై మరో మహిళ కూర్చోలేదు. పిల్లల పరీక్షల ఏడాది తల్లిని ఊరు దాటించకుండా బదిలీ నియమాలను బ్యాంకులన్నీ సవరించాలి. సంరక్షణ సెలవును తండ్రులకూ ఇవ్వాలి.