3.01 గేటు అవతల ఎవరున్నారు?

చదువుల మీద రాస్తున్న ఈ వరుసలో ఇవాళ దూరవిద్య సంగతి.

దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. 1991లో దానికి బాబాసాహెబ్ పేరు పెట్టారు. తగిన పేరే. కూలికి పోతూ, పిల్లల్ని సాకుతూ, మధ్యలో బడి ఆగిపోయినవాళ్ల కోసం తెరిచిన తలుపది. ఇప్పుడు దూరవిద్య అంతటికీ ‘నాణ్యత’ పేరుతో కాపలా పెట్టారు. కాపలా వద్దనను. ఎవరి కోసం కాపలా అని అడుగుతాను.

యూజీసీ 2020 నిబంధనల ప్రకారం క్యాంపస్ ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్య కూడా నడపాలంటే న్యాక్‌లో నాలుగుకు 3.01 రావాలి. లేదా ఎన్‌ఐఆర్‌ఎఫ్ విశ్వవిద్యాలయాల ర్యాంకుల్లో తొలి వందలో ఉండాలి. పరిశోధన, భవనాలు, అధ్యాపకుల సంఖ్య అన్నీ చూసి వేసే మార్కు అది. మరి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచిందెవరు? ప్రభుత్వాలు. పోస్టులు నింపకపోతే మార్కు తగ్గుతుంది. మార్కు తగ్గితే దూరవిద్యకు అనుమతి పోతుంది. నియామకాలు ఆపినవాడికి ఏమీ కాదు. శిక్ష మాత్రం వాడల్లోని పిల్లలకు. ఆ ఖాళీలోకి ప్రైవేటు యూనివర్సిటీ ఫోన్ కాల్స్‌తో, ఈఎంఐ ఆశలతో దిగుతుంది.

పోనీ ఆ గ్రేడైనా శుద్ధమైనదా? 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీకి మంచి గ్రేడు కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణపై న్యాక్ తనిఖీ బృందం ఛైర్మన్‌నే సీబీఐ అరెస్టు చేసింది.

నేను ఒక స్టడీ సెంటర్‌లో ఆదివారాలు తెలుగు చెప్పాను. అంగన్‌వాడీ ఆయా, మున్సిపల్ కార్మికుడు, సెక్యూరిటీ గార్డు నా విద్యార్థులు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా క్లాసుకు వచ్చేవాళ్లు. పుస్తకాలు పరీక్షల ముందు వారానికి చేరేవి. అసైన్‌మెంట్లు తిరిగొచ్చేవి కావు. తనిఖీకి వచ్చినవాళ్లు రిజిస్టర్లు చూశారు, కుర్చీలు లెక్కపెట్టారు. ఒక్క విద్యార్థినీ ఏమీ అడగలేదు.

‘అంటే మీవాళ్ల కోసం ప్రమాణాలు తగ్గించాలా?’ అంటారు కొందరు పెద్దమనుషులు. అయ్యా, నాసిరకం చదువుకు అందరికంటే ఎక్కువ నష్టపోయేది మేమే. 2017 నవంబరులో సుప్రీంకోర్టు కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు సరైన అనుమతుల్లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలను తప్పుబట్టింది. 2005 తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. ఫీజు వాపసు ఇమ్మంది కోర్టు. పోయిన ఏళ్లు ఎవరు వాపసు ఇస్తారు? ఇంకో డిగ్రీ కొనుక్కోగల ఇంటివాడు తేరుకుంటాడు. తొలితరం చదువరికి ఆ కాగితమే ఆస్తి.

కాబట్టి మాకు కావాల్సింది సడలింపు కాదు, సరైన కొలత. పుస్తకం ఏ తేదీన చేరింది? క్లాసులు ఎన్ని జరిగాయి? దిద్దిన అసైన్‌మెంట్ విద్యార్థి చేతికొచ్చిందా? చేరినవాళ్లలో ఎంతమంది గట్టెక్కారు, ఆగిపోయినవాళ్లు ఎందుకు ఆగారు? నాణ్యత అంటే ఇదీ. సంస్థ తప్పు చేస్తే జరిమానా సంస్థకు పడాలి, విద్యార్థి చదువు ఆగకూడదు.

దూరవిద్య నడిపే ప్రతి సంస్థలో అంతర్గత నాణ్యతా కేంద్రం ఉండాలని ఆ నిబంధనల్లోనే ఉంది. విద్యార్థి మిత్రులారా, మీ యూనివర్సిటీలో ఆ కేంద్రం ఉందా, అందులో ఎవరున్నారు, పోయినేడు ఏం తేల్చింది అని ఆర్‌టీఐ వేయండి. జవాబు రాకపోతే అప్పీలుకు వెళ్లండి. మన చదువు బాగుందో లేదో చెప్పాల్సింది చదివేవాళ్లం మనమే.

జై భీమ్.