మనసు డాక్టరంటే నవ్వెందుకు?

పెద్దయ్యాక ఏమవుతారని తరగతిలో అడిగితే సగం చేతులు "డాక్టరు" అంటూ లేస్తాయి. ఏ డాక్టరని మళ్ళీ అడగండి. గుండె డాక్టరు, ఎముకల డాక్టరు, పిల్లల డాక్టరు అంటారు. "మానసిక వైద్యుణ్ణవుతా" అని ఎవడైనా అన్నాడో, పక్కవాళ్ళు కిసుక్కున నవ్వి "పిచ్చి డాక్టరు" అని పేరు పెట్టేస్తారు. ఎవరినైనా ఎగతాళి చెయ్యాలంటే హైదరాబాదులో ఎర్రగడ్డ పేరు, విశాఖపట్నంలో చినవాల్తేరు పేరు చెబుతారు. గుండెజబ్బుల ఆస్పత్రి పేరుతో ఎవరినీ వెక్కిరించం గదా!

వైద్య విద్యార్థుల్లోనూ ఈ చులకన ఉంది. "అందులో ఎక్స్‌రేలు లేవు, ఆపరేషన్లు లేవు, ఉత్త మాటలే. అదీ ఒక వైద్యమేనా?" అంటారు. మానసిక వైద్యుడు కూడా అందరిలాగే ఎం.బి.బి.యస్. చదివి, ఆపైన మూడేళ్ళు ఎం.డి. చేస్తాడు. దిగులుగా, మందకొడిగా ఉన్న రోగి వస్తే, థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేస్తోందా అని రక్తపరీక్ష చేయిస్తాడు. ఆ గ్రంథి మందగించినా మనిషి అలాగే ఉంటాడు మరి.

ఆవర్తన పట్టికలో మూడో మూలకం లిథియం మీకు తెలుసు. దాని లవణం, పట్టపగ్గాల్లేని ఉద్రేకంతో ఊగిపోయే రోగులను శాంతపరుస్తుందని 1949లో ప్రకటించిన జాన్ కేడ్ ఆస్ట్రేలియా మానసిక వైద్యుడే. ముందు గినీ పందులకిచ్చి చూశాడు. తర్వాత తనే మింగి చూశాడు. ఆ తర్వాతే రోగులకిచ్చాడు. ఆ మందు నేటికీ వాడుకలో ఉంది. మోతాదు మించితే విషం కనుక, రక్తంలో ఎంతుందో కొలుస్తూ ఉండాలి. ఎరిక్ కాండెల్ కూడా మానసిక వైద్యంలో శిక్షణ పొందినవాడే. సముద్రపు నత్తజాతి జీవిలో జ్ఞాపకం ఎలా ఏర్పడుతుందో పరిశోధించి, 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఉత్త మాటలేనా ఇవన్నీ?

ఇక లెక్క చూడండి. 2015-16 జాతీయ సర్వేలో, పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. 2019లో ప్రచురించిన ఒక అంచనా ప్రకారం మన దేశంలో నాలుగు లక్షల జనాభాకు ముగ్గురే మానసిక వైద్యులు. నాలుగు లక్షల్లో పెద్దవాళ్ళెందరో, ఒక్కో డాక్టరు వాటాకు ఎందరు రోగులొస్తారో మీరే భాగించి చూడండి.

తప్పంతా విద్యార్థులదే అనను. ఎం.బి.బి.యస్.లో ఈ శాస్త్రానికి విడిగా పరీక్ష లేదు. జనరల్ మెడిసిన్ పేపరులో ఒకటి రెండు ప్రశ్నలతో సరి. పరీక్షలో రానిదాన్ని ఎంత శ్రద్ధగా చదువుతారో మీకు నేను చెప్పాలా! విడిగా పేపరు పెట్టాలన్నది నా అభిప్రాయం. భారం పెరుగుతుందని కొందరంటారు. కంటికొక పేపరు, చెవి-ముక్కు-గొంతుకొక పేపరు ఇప్పటికే ఉన్నాయి. ఇంకొకదానికి చోటు దొరక్కపోదు.