పని బట్టలతో వచ్చే సీసం

మా వీధిలో ఒక పిల్లవానికి నెల రోజులుగా కడుపునొప్పి, మలబద్ధకం. అన్నం ముట్టడు. నులిపురుగులని మందిచ్చారు; దిష్టి తీశారు. గుణం లేదు. చివరకు ఒక డాక్టరుగారు, "వీళ్ళ నాన్న ఏం పని చేస్తాడమ్మా?" అని అడిగారు. పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే పని. రక్తపరీక్షలో సంగతి తేలింది.

కార్ఖానా గడప తొక్కని బిడ్డకు సీసం ఎట్లా సోకినదంటారా? తండ్రి చొక్కామీది ధూళితో వచ్చింది. రాగానే బిడ్డను ఎత్తుకొనేవాడు గదా! పిల్లల కడుపులో పడిన సీసం పెద్దలలో కంటె ఎక్కువగా ఒంటికి పడుతుంది. రక్తం తయారు కానీయదు; మెదడును దెబ్బ తీస్తుంది; ఎముకలలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఇంతవరకు ఫరవాలేదన్న కొలతే లేదు.

వైద్యంలో మొదటి పని సీసమును దూరం చేయడం. పిల్లల రక్తంలో 100 మిల్లీలీటర్లకు 45 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే, దానిని మూత్రంలో వెడలించే మందులిస్తారు. చెడిన మెదడును మాత్రం అవి బాగుచేయలేవు.

కనుక ఇట్టి పనివారు బట్టలు, చెప్పులు పనిచోటే విడిచి, స్నానం చేసి రావలెను. అక్కడ వసతి లేకుంటే ఇంట్లో అడుగుపెట్టకముందే చేయవలెను. ఆ బట్టలు విడిగా ఉతకవలెను. నేలను తడిగుడ్డతో తుడవవలెను. పిల్లలకు రాగిజావ, పాలు, ఆకుకూరలు పెట్టవలెను.

మన దేశంలో పెట్రోలులో సీసం 2000లోనే మానేశారు. బ్యాటరీలలో ఇంకా ఉన్నది.

ఇప్పుడా తండ్రి, బిడ్డ పరుగెత్తుకొని వచ్చినా, "ఉండు నాన్నా" అని ముందు పెరటి దారిన స్నానానికి పోతున్నాడు.