కొడుకు తాగుడుకి అమ్మ ఇచ్చే ఎంసీ



ఈసారి పేరు పెట్టకుండా రాస్తున్నాను. ఇది నా ఒక్కదాని కథ కాదు, మా అబ్బాయిది కూడా. వాడి పేరు బయటపెట్టే హక్కు నాకు లేదు.

సింగపూర్‌లో 20 ఏళ్లకు పైగా నర్సుగా చేస్తున్నాను. మా అబ్బాయికి 27. నేషనల్ సర్వీసు చేశాడు, డిగ్రీ అయ్యింది, ఉద్యోగం ఉంది. తాగుతాడు. శనివారం ఫ్రెండ్స్‌తో సరదాగా తాగే దశ ఎప్పుడో దాటిపోయింది. పొద్దున్నే చేతులు వణుకుతుంటే, ఆ వణుకు తగ్గడానికి తాగుతాడు.

వార్డులో ఇలాంటి పేషెంట్ల అమ్మలకి "ఇది జబ్బమ్మా, దాచకండి" అని ఎన్నిసార్లు చెప్పానో! నా ఇంటికొచ్చేసరికి మూడేళ్లు దాచాను. సోమవారం వాడు లేవలేకపోతే జ్వరమని వాళ్ల ఆఫీసుకి నేనే మెసేజ్ పెట్టేదాన్ని. క్రెడిట్ కార్డు బాకీలు కట్టాను. సీసాలు చ్యూట్‌లో వేస్తే చప్పుడవుతుందని, సంచిలో పెట్టి పక్క బ్లాకు చెత్తడబ్బాలో పడేసి వచ్చేదాన్ని. ఊళ్లో అత్తగారు అడిగితే "బాబు ఓవర్‌టైమ్‌లో ఉన్నాడు" అనేదాన్ని.

అదంతా ప్రేమే అనుకున్నాను. మీలో కొందరికి కోపం వచ్చినా ఇప్పుడు నా మాట చెబుతాను. తాగినందుకు వాడికి తగలాల్సిన దెబ్బలన్నిటికీ నేను అడ్డం నిలబడ్డాను. వాడి తాగుడుకి నేనే ఎంసీ రాసిచ్చాను.

అలాగని "ఇంట్లోంచి గెంటెయ్" అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. గదిలో పెట్టి తాళం వేసి ఒక్కరోజులో మాన్పిస్తామనేవాళ్లు ఇంకా ప్రమాదం. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనపడి, అయోమయంలో పడి, ప్రాణం మీదికి రావచ్చు. మాన్పించడం డాక్టర్ చేతుల మీదుగానే జరగాలి. ఫిట్స్ వస్తే వెంటనే 995కి ఫోన్ చెయ్యండి.

నేను పెట్టుకున్న నియమాలు నాలుగు. డబ్బివ్వను. వాడి తరఫున అబద్ధం చెప్పను. అన్నం పెడతాను. హాస్పిటల్‌కి ఎప్పుడంటే అప్పుడు తోడొస్తాను.

ఇక పెళ్లి మాట. "పెళ్లి చేసెయ్ వదినా, వాడే దారిలో పడతాడు" అని మా ఆడపడుచు రెండు సంబంధాలు తెచ్చింది. మరి ఆ పిల్లకి ఎవరు చెబుతారు? కన్నతల్లిని నేను మోయలేని బరువు, ఊళ్లో నుంచి కొత్తగా వచ్చే పిల్ల నెత్తిన పెడితే అది మోసం. వద్దని చెప్పేశాను.

మాది నెల్లూరు జిల్లా. 1992లో మా జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకి వెళ్లిన ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్లు ముందుగా చేసిందేమిటి? ఇంట్లో పడే బాధ నలుగురిలో చెప్పుకున్నారు. అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న వాళ్లకి ఉన్న ధైర్యం, డిగ్రీలున్న మనకి ఎక్కడ పోయింది?

ఇక్కడ చెప్పుకోవడానికి చోట్లున్నాయి. ఐఎంహెచ్‌లో వ్యసనాల కోసమే నామ్స్ అనే విభాగం ఉంది. హెల్ప్‌లైన్ 6732 6837. పిల్లవాడు రానన్నా అమ్మ ఫోన్ చేసి మాట్లాడవచ్చు. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం 1951లో అమెరికాలో మొదలైన అల్-అనాన్ మీటింగులు ఇక్కడా జరుగుతాయి. ఇంటిపేరు చెప్పక్కర్లేదు. మొదటి రోజు నేను ఏడవడం తప్ప ఏమీ చెప్పలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

మా వాడు మానేశాడా అంటే, రెండుసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు మూడోసారి డాక్టర్ దగ్గరికి తనంతట తనే వెళ్తున్నాడు. నిలబడతాడో లేదో చెప్పలేను. నేను మాత్రం రాత్రిళ్లు నిద్రపోతున్నాను.

మీలో ఎవరైనా ఈ రాత్రి సీసాల సంచి పట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడి ఉంటే, దాన్ని అక్కడే పెట్టండి. ముందు ఒక్కరికి ఫోన్ చెయ్యండి.