విందు పెడితే బాకీ తీరుతదా?

మనల్ని పంక్తిలోకి రానియ్యని కాలం పోయిందట. ఇప్పుడు పిలిచి మరీ పెడుతున్నరట. కాబట్టి కులం పోయిందని మనమే ఒప్పుకోవాల్నట!

ఈ మధ్య మా మోతె మండలంలోని మాల, మాదిగ వాడల నుంచి కొందరు యువకులను, సంఘం పెద్దలను ఒక నాయకుడు హైదరాబాదుకు తీసుకపోయి పెద్ద హోటల్లో విందు ఇచ్చిండు. మేమూ పోయినం. తెల్లగుడ్డ పరిచిన బల్లలు, చల్లటి గది, వెనుక నిలబడి వడ్డించే మనుషులు. మన అవ్వలు గతిలేక తిన్న జొన్న గటకకు 'మిల్లెట్' అని పేరు పెట్టి అక్కడ వందల రూపాయలకు అమ్ముతున్నరు. తిన్నం. బాగనే ఉన్నది. మంచి తిండి మనకెందుకని ఎవడన్నా అంటే వానితో ముందు కొట్లాడేది మేమే.

కాని లేచేటప్పుడు ఆ నాయకుడు భుజం తట్టి, "ఒక్క బల్ల మీద తిన్నం, ఇంక మీకూ మాకూ తేడా ఏమున్నది? ఆ శ్మశానం జాగ పంచాది ఇడిసిపెట్టుండ్రి" అన్నడు. మా పేచీ ఆ మాటతోనే. అన్నం పెట్టి నోరు కొనుడు మర్యాద కాదు, బేరం.

బేరం అన్నంక లెక్క చూడాలె గదా. బిల్లు తలకు మూడు వేలు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే మన అక్కలు పది దినాలు మట్టి తవ్వితే వచ్చే కూలి, ఒక్క పూటలో ఒక్క మనిషి తినేసిండు. బడి పంతుళ్ళం గనుక ఇంకో లెక్క కూడ చెప్తం. 2025 మే నుంచి బడి మధ్యాహ్న భోజనంలో, బియ్యం కాక, ప్రాథమిక తరగతుల పిల్లకు పూటకు ఇచ్చేది 6 రూపాయల 78 పైసలు. మూడు వేలంటే 442 పూటలు. ఒక పిల్లకు రెండేండ్ల బడి భోజనం! ఆ పిల్లలు ఎవరి పిల్లలు?

ఈ విందులు కొత్తవి కావు. దొర ఇంట్ల పెండ్లయితే డప్పు కొట్టింది మనం, కట్టెలు కొట్టింది మనం, ఎంగిలాకులు ఎత్తింది మనం. ఆఖరు బంతి అయినంక గిన్నె పట్టుకొని దూరంగ కూసున్నది మనం. అప్పుడు ఆఖర్న పెట్టి కట్టుబానిసలుగ ఉంచుకున్నరు. ఇప్పుడు ముందు పెట్టి ఓటుకు కట్టేస్తున్నరు.

పార్టీలన్నీ ఇదే తొవ్వ. 2017 మేలో బిజెపి అధ్యక్షునిగా అమిత్ షా నల్లగొండ జిల్లా తేరట్‌పల్లి దళితవాడలో భోంచేసిన్రు. ఆ అన్నం బయట వండి తెచ్చిందని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అన్నరు, కాదని బిజెపి అన్నది. మరి ఆ కేసీఆర్ ఏం చేసిన్రు? 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందుర, జూలై 26న అక్కడి దళితులను 427 మందిని ప్రగతి భవన్‌కు పిలిపించిన్రు. 2014లో చెప్పిన మూడెకరాలు, 2021లో చెప్పిన పది లక్షలు ఎన్ని గడపలకు చేరినయో మీ వాడలో మీరే లెక్క పెట్టుండ్రి. 2023 ఆగస్టులో చేవెళ్ళ సభలో పన్నెండు లక్షలన్న కాంగ్రెసును కూడ అదే లెక్క అడుగుండ్రి.

బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పిండు. కలిసి తిన్నంత మాత్రాన కులం చావదు, కులాంతర వివాహం కావాలె, కులానికి బలమిచ్చే శాస్త్రాలను కాదనాలె అన్నడు. అది నిజమో కాదో మన పక్కనున్న మిర్యాలగూడను అడుగుండ్రి. 2018 సెప్టెంబరు 14న మన బిడ్డ ప్రణయ్‌ను, కడుపుతోని ఉన్న భార్య కండ్ల ముందే, ఆసుపత్రి ముందర నరికిన్రు. పై కులం పిల్లను పెండ్లాడిండని! 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. హోటల్ల పక్కన కూసుంటే రాని మైల, పెండ్లి పందిట్ల కూసుంటే ఎందుకొచ్చింది?

ఇంకోటి. వాళ్ళు పెడితే మనం తినుడు పరీక్ష కాదు, మనం వండితే వాళ్ళు తినుడు పరీక్ష. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో ఒక సర్కారు బడిలో దళిత స్త్రీ వండిందని పై కులాల పిల్లలు అన్నం ముట్టలేదు. పనిలో నుంచి తీసేసింది ఆమెనే! మన ఊళ్ళె బడి వంట ఎవరితోని చేయిస్తున్నరో, గుళ్ళె అన్నదానంల గంటె ఎవరి చేతిలున్నదో చూడుండ్రి. కులం ఎక్కడ దాక్కున్నదో తెలుస్తది.

అందుకే మేము చెప్పేదిది. ఎవరన్న పిలిస్తే పోండి, తలెత్తుకొని తినుండ్రి. అది మన చెమటతోనే పండిన గింజ. కాని తిన్నందుకు రుణపడ్డమని మాత్రం అనుకోకుండ్రి. బాకీ ఉన్నది మనం కాదు, వాళ్ళు. భూమి బాకీ, కూలి బాకీ, చదువు బాకీ, మన శవాలకు ఆరడుగుల జాగ బాకీ. పిలిచినోళ్ళను బల్ల మీదనే అడుగుండ్రి: శ్మశానం పట్టా ఎప్పుడిస్తరు? అసైన్డు భూమి ఎప్పుడు విడిపిస్తరు? మా వాడకొచ్చి మా అమ్మ వండింది ఎప్పుడు తింటరు?

జవాబు చెప్పినంకనే ఇంకో ముద్ద.

జై భీమ్!