బడి దగ్గర వద్దన్నది నట్టింట్లో ముద్దా?

కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదు మించిన తినుబండారాలను బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదు, ప్రచారమూ చేయకూడదు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే ఈ నిబంధన తెచ్చింది. అదే పిల్లవాడు ఇంటికొచ్చి టీవీ ముందో, ఫోన్ పట్టుకునో కూర్చుంటే వాటి ప్రకటనలకు అడ్డు లేనట్టే.

కార్టూన్లు పిల్లలకు కొట్లాటలు నేర్పుతున్నాయని పెద్దలు వాపోవడం మామూలే. ఆ కథల మంచిచెడ్డలపై ఎంతైనా వాదించుకోవచ్చు. హైదరాబాద్ స్టూడియోలో పుట్టి 2008లో టీవీకెక్కిన ఛోటా భీమ్‌ను చూసి లడ్డూ కావాలంటే అమ్మ చేసిపెట్టగలదు. కథ మధ్యలో దూరే ప్రకటనలతోనే అసలు చిక్కు. ఏది కథో, ఏది అమ్మకమో పసివాళ్లకు తెలియదు.

ఏ ఊళ్లోనైనా కిరాణా కొట్టు ముందు కాసేపు నిలబడితే ఈ సంగతి తెలుస్తుంది. అయిదు, పది రూపాయల ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. అక్షరాలు రాని పసివాడూ ఫలానాదే కావాలని వేలు చూపిస్తాడు. వాడికి కావలసింది పైనున్న కార్టూన్ బొమ్మ, లోపలున్న ప్లాస్టిక్ ఆటవస్తువు. పప్పు, ఉప్పు కొనడానికొచ్చిన తల్లి వాడి ఏడుపు మాన్పించలేక చిల్లర తీస్తుంది. పిల్లల్ని అదుపులో పెట్టుకోవాల్సింది తల్లిదండ్రులేనని కంపెనీలు సులువుగా తప్పించుకుంటాయి. కోట్లు కుమ్మరించి పుట్టించిన కోరికతో రోజంతా పనిచేసి అలసిన అమ్మానాన్నలు ఎన్నాళ్లని పోరాడగలరు?

అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 2.1 శాతం. 2019-21 నాటికి 3.4 శాతమయ్యారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇందుకు కారణాలు అనేకం కావచ్చు. మన చేతిలో ఉన్న కారణాన్నైనా తొలగించవద్దా?

నిబంధన లేకపోలేదు. పిల్లల ఛానళ్లలో, పిల్లల కార్యక్రమాల్లో చిప్స్, కూల్‌డ్రింకుల వంటి జంక్‌ఫుడ్ ప్రకటనలు వేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఆదేశించింది. ఏది జంక్‌ఫుడ్డో మాత్రం నిర్వచించలేదు. ఇంటిల్లిపాదీ చూసే క్రికెట్‌, సీరియళ్ల జోలికీ పోలేదు. అలాంటి నిబంధన ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అనారోగ్యకర తిండి ప్యాకెట్లపై పిల్లల్ని ఆకర్షించే బొమ్మలను చిలీ 2016లోనే నిషేధించింది. బ్రిటన్ 2026 జనవరి నుంచి అలాంటి తిండి ప్రకటనలను రాత్రి 9 గంటల దాకా టీవీలో రానివ్వడం లేదు. ఆన్‌లైన్‌లో డబ్బిచ్చి వేయించే వాటిని పూర్తిగా ఆపేసింది.

కేంద్రం ఇకనైనా ఉప్పు, చక్కెర, కొవ్వులకు పరిమితులు విధించి జంక్‌ఫుడ్‌కు అంకెల్లో నిర్వచనం ఇవ్వాలి. పరిమితి మించిన సరుకు ప్యాకెట్లపై కార్టూన్ బొమ్మలు తీసేయించాలి. పిల్లలు మేలుకొని ఉండే వేళల్లో టీవీలో, ఫోన్లలో వాటి ప్రకటనలు నిషేధించాలి. ఉల్లంఘించిన కంపెనీతోపాటు ప్రసారం చేసినవారికీ భారీ జరిమానా వేయాలి. పసివాళ్ల అమాయకత్వాన్ని సొమ్ము చేసుకునే హక్కు ఏ వ్యాపారికీ లేదు.