కోపానికీ కత్తికీ మధ్య గడిచే కాలం

హత్య వార్తల్లో మన పత్రికలు తరచూ వాడే మాట క్షణికావేశం. బెల్టు షాపు ముందు మాటా మాటా పెరిగింది, క్షణికావేశంలో బీరు సీసాతో పొడిచాడు. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు తిట్టుకున్నారు, క్షణికావేశంలో గొడ్డలి ఎత్తాడు. భార్య ఎదురు చెప్పింది, క్షణికావేశంలో గొంతు నులిమాడు. పోలీసులు విలేకరులకు అదే చెబుతారు, నిందితుడి బంధువులూ అదే చెబుతారు, చదివేవాళ్లం దానితో సరిపెట్టుకుంటాం. ఆకాశం నుంచి పిడుగు పడ్డట్టు కోపం ఎక్కడి నుంచో వచ్చి ఒక ప్రాణం తీసుకుపోయిందన్న భావన మిగులుతుంది. నా అభ్యంతరం ఆ భావనతోనే. మనకు బాగా తెలిసిన కేసుల్లో అవమానం జరిగిన సమయానికీ దెబ్బ పడిన సమయానికీ మధ్య ఎంత కాలం గడిచిందో లెక్కగట్టి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఆ కాలం నిండా మనుషులుంటారు. వాళ్లు మాట్లాడతారు. చాలాసార్లు కత్తిని చేతికి అందించేది ఆ మాటలే.

ఈ లెక్కను ఎంతో శ్రద్ధగా కట్టిన తీర్పు ఒకటుంది. దాన్ని రాసింది రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు. తర్వాతి కాలంలో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన ఆయన, 1961 నవంబర్ 24న నానావతి కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం తరఫున ఆ తీర్పు ఇచ్చారు. నౌకాదళ కమాండర్ కె.ఎం. నానావతి 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో ప్రేమ్ అహుజా అనే వ్యాపారిని కాల్చి చంపాడు. అహుజాతో తనకు సంబంధం ఉందని భార్య ఆ రోజే ఒప్పుకుంది. అది విన్నాక నానావతి భార్యనూ పిల్లలనూ సినిమా హాలు దగ్గర దింపాడు. తన ఓడకు వెళ్లి అబద్ధపు కారణం చెప్పి రివాల్వరూ ఆరు తూటాలూ తీసుకున్నాడు. అహుజా ఆఫీసుకు వెళ్తే అతను అక్కడ లేడు. అప్పుడు ఇంటికి వెళ్లి కాల్చాడు. నానావతి తన ఇల్లు వదిలింది మధ్యాహ్నం ఒకటిన్నరకు, తూటా పేలింది నాలుగూ ఇరవైకి.

తీవ్రమైన, ఆకస్మికమైన కవ్వింపు వల్ల నిగ్రహం తప్పి చంపితే దాన్ని హత్యగా పరిగణించకూడదని మన చట్టం చెబుతుంది. పాత శిక్షాస్మృతిలో 300వ సెక్షన్ మొదటి మినహాయింపుగా ఉన్న ఆ నియమం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 101వ సెక్షన్ కింద ఉంది. మాటలు, సైగలు కూడా కవ్వింపు కావచ్చని, అంతకుముందు జరిగిన వాటి ప్రభావాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చని సుబ్బారావు అంగీకరించారు. అంత ఉదారంగా చట్టాన్ని చదివి కూడా గడియారం దగ్గర ఆగారు. దెబ్బ ఆ ఆవేశంలోంచే పడి ఉండాలి, ఆవేశం చల్లారాక కాదు, ఆలోచించి పథకం వేసుకునే వ్యవధి దొరికాక కాదు అన్నారు. దాదాపు మూడు గంటలు నిగ్రహం తిరిగి తెచ్చుకోవడానికి సరిపోతాయని తేల్చి, హైకోర్టు వేసిన యావజ్జీవ శిక్షను ఖాయం చేశారు.

అయితే ఆ కేసులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నానావతి గడిపిన ఆ మూడు గంటలకంటే, తర్వాత నగరం గడిపిన రోజులు. జ్యూరీలోని తొమ్మిది మందిలో ఎనిమిది మంది అతను నిర్దోషి అన్నారు. 'బ్లిట్జ్' వారపత్రిక అతన్ని మర్యాద కాపాడుకున్న వీరుడిగా నిలబెట్టింది. 1964లో గవర్నర్ విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష పెట్టారు. ఆ కథతో అర్ధశతాబ్దం తర్వాత కూడా, 2016లో, 'రుస్తుం' పేరుతో హిందీ సినిమా వచ్చింది. ఆడదాన్ని పోగొట్టుకున్న మగవాడు తుపాకి పట్టడం సహజమేనని ఒక నగరం చప్పట్లు కొట్టి చెప్పింది. అలాంటి చప్పట్లు హత్య తర్వాతే మొదలవుతాయని అనుకుంటే పొరపాటు. చాలా కేసుల్లో అవి ముందు నుంచే వినిపిస్తూ ఉంటాయి.

జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక ప్రకారం 2022లో దేశంలో నమోదైన హత్య కేసులు 28,522. వాటిలో 9,962 కేసులకు కారణం తగాదాలు. కక్షతో చేసినవి 3,761. లాభం కోసం చేసినవి 1,884 మాత్రమే. తగాదాల లెక్కలో భూమి, నీళ్లు, కుటుంబం, డబ్బు అన్నీ కలిసి ఉంటాయి. అయినా ఒకటి అడగాలి. గట్టు తగాదా నిజంగా గట్టు గురించే అయితే సర్వేయర్ వచ్చి గొలుసు వేస్తే తీరిపోవాలి కదా? జానెడు నేల విలువ ఎంతో ఇద్దరికీ తెలుసు. "నలుగురిలో నన్ను అంత మాట అంటాడా" అన్న చోట గొడవ నేలను వదిలి మనిషి మీదికి పాకుతుంది. అక్కడి నుంచి వెనక్కి తగ్గితే పోయేది నేల కాదు, పరువు.

దీన్ని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. అమెరికాలో మార్విన్ వోల్ఫ్‌గాంగ్ ఫిలడెల్ఫియా నగరంలో 1948 నుంచి 1952 వరకు జరిగిన 588 హత్యల రికార్డులు తిరగేస్తే, అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన కారణం చిల్లర గొడవే. తోసుకోవడం, తిట్టుకోవడం, చిన్న అప్పు. మసాచుసెట్స్ జైళ్లలో ఏళ్ల తరబడి పనిచేసిన మానసిక వైద్యుడు జేమ్స్ గిలిగన్, హంతకులతో మాట్లాడి మాట్లాడి, వాళ్లందరిలో ఉమ్మడిగా కనిపించింది అవమానం, సిగ్గు అని రాశారు. తమకు దక్కని గౌరవాన్ని భయం రూపంలో రాబట్టుకోవడానికే దెబ్బ తీశారని ఆయన వాదన. మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. నడవలో వెళ్తున్న విద్యార్థిని ఒకతను కావాలని భుజంతో గుద్ది బూతు మాట అంటాడు. పరువుకు ప్రాణమిచ్చే సంప్రదాయం బలంగా ఉన్న అమెరికా దక్షిణాది రాష్ట్రాల కుర్రాళ్లలో ఒత్తిడి హార్మోన్లు పెరిగాయి. ఉత్తరాది వాళ్లలో అంతగా లేదు. అవమానాన్ని చూసిన సాక్షి తమ మగతనాన్ని తక్కువగా అంచనా వేస్తున్నాడని అనుకున్నదీ ఆ దక్షిణాది వాళ్లే. శరీరం అందరికీ ఒకటే. దేనికి రగలాలో శరీరానికి ఊరు నేర్పుతుంది.

సాక్షి సంగతి తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. కాలిఫోర్నియాలో 70 హత్యల వివరాలను అంచెలంచెలుగా విడదీసి చూసిన డేవిడ్ లకెన్‌బిల్, 1977లో ప్రచురించిన అధ్యయనంలో చూసినవాళ్ల పాత్రను స్పష్టంగా నమోదు చేశారు. వాళ్లు చాలాచోట్ల ఊరికే నిలబడలేదు. రెచ్చగొట్టారు, లేదా మౌనంగా చుట్టూ మూగి గొడవకు బరి గీశారు. మన వీధుల్లో వినిపించే మాటలతో దీన్ని పోల్చుకోండి. "అంత మాటన్నా ఊరుకుంటావేంట్రా?" "అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?" "మీసం తీసెయ్." ఈ మాటలన్నవాడి మీద కేసు ఉండదు. ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోతాడు.

నిజంగా అప్పటికప్పుడు జరిగేవీ ఉన్నాయి, కాదనను. 1988 డిసెంబర్ 27న పాటియాలాలో రోడ్డు మధ్య జీపు ఆపుకున్న నవజ్యోత్ సింగ్ సిద్ధూను దారి ఇమ్మని అడిగిన 65 ఏళ్ల పెద్దాయన, ఆ గొడవలో పడిన దెబ్బ తర్వాత చనిపోయారు. సుప్రీంకోర్టు చివరకు 2022 మేలో సిద్ధూకు ఏడాది కఠిన జైలుశిక్ష వేసింది. ఒక్క పిడిగుద్దు, 33 ఏళ్ల కేసు. ఇలాంటి చోట కోపం నిజంగానే క్షణాల్లో లేచింది. మన తెలుగు నేల మీద బాగా లోతుగా గాయం చేసిన ఘటనలు ఇలాంటివి కావు.

అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 16న దళితులు తాగే నీటి చెరువు దగ్గర భూస్వామ్య కులానికి చెందిన యువకులు పశువుల కుడితి బకెట్లు కడుగుతుంటే ఒక దళితుడు అభ్యంతరం చెప్పాడు. అతన్ని కొట్టబోయారు. నీళ్లకు వచ్చిన ఒక దళిత మహిళ తనపై లేచిన దెబ్బకు అడ్డంగా బిందె ఎత్తింది. జరిగింది అంతే. మర్నాడు పొద్దున మాదిగపల్లె మీద మూకగా పడి ఆరుగురిని చంపారు. మధ్యలో ఒక రాత్రి ఉంది. ఆ రాత్రి ఇళ్లలో, అరుగుల మీద ఏమేం మాట్లాడుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. ఒక ఆడమనిషి, అందులోనూ ఆ పల్లె ఆడమనిషి, బిందె ఎత్తింది. ఊరుకుంటే రేపు తలెత్తుకు తిరగగలమా? ఒక్కరి కోపం వందల మంది పరువుగా మారడానికి ఒక రాత్రి చాలింది.

అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఆ వ్యవధి ఇంకా ఎక్కువ. 1991 జూలైలో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు సినిమా హాల్లో ముందు కూర్చున్న అగ్రకుల యువకుడికి తగిలింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. మధ్యలో నెల రోజులు దళితుల్ని సాంఘికంగా వెలివేశారు, పనులకు పిలవలేదు. ఊళ్లోకి పోలీసులూ వచ్చారు. నెల పాటు అందరి కళ్ల ముందూ పెరిగినదాన్ని ఆవేశం అనడానికి నాకు నోరు రాదు. 2007లో ప్రత్యేక కోర్టు ఇచ్చిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. చంపినవాళ్లెవరో చట్టం తేల్చలేకపోయిన ఊళ్లో, కాలు తగలడమే అవమానమని నేర్పినవాళ్లెవరో మాత్రం అందరికీ తెలుసు.

మిర్యాలగూడలో 2018 జనవరిలో కులాంతర వివాహం జరిగితే సెప్టెంబర్ 14న గర్భిణి అయిన భార్య కళ్ల ముందే ఆ యువకుణ్ణి కిరాయి హంతకుడు నరికాడు. హంతకుల్ని పెట్టింది అమ్మాయి తండ్రి. ఆయన 2020లో ఆత్మహత్య చేసుకున్నారు. నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. నెలల తరబడి బేరాలు, ముందస్తు చెల్లింపులు, రెక్కీలతో సాగిన ఈ హత్యను కూడా కొందరు కన్నతండ్రి కడుపుమంటగా చెప్పారు, ఆయనకు సానుభూతిగా ఊరేగింపులు తీశారు. బొంబాయిలో నానావతికి కొట్టిన చప్పట్లు మళ్లీ మిర్యాలగూడలో వినిపించాయి.

ఈ ఆవేశానికి ఒక లక్షణముంది. అది మనిషిని చూసి వస్తుంది. ఆఫీసులో పైఅధికారి అందరి ముందూ ఫైలు విసిరికొడితే గుటక మింగేవాడికి, ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే నిగ్రహం తప్పుతుంది. తనను కాదన్న అమ్మాయి మీద యాసిడ్ పోసేవాడు, తన తండ్రిని బూతులు తిట్టిన ఫైనాన్సు వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. నిజంగా అదుపు తప్పే కోపమైతే పైకీ కిందికీ సమానంగా పోవాలి. ఎప్పుడూ కిందికే పోతోందంటే, ఎవరి దగ్గర అవమానం భరించాలో, ఎవరి దగ్గర భరించనక్కర్లేదో ముందే నేర్చుకున్నాడని అర్థం. ఏళ్ల తరబడి తన్నులు తిన్న ఇల్లాలి కోపానికి చట్టంలో చాలాకాలం చోటు దొరకలేదు. ఆకస్మికం కాదు కదా అన్నారు. నిరంతర కవ్వింపు కూడా ఉంటుందని మద్రాసు హైకోర్టు 1989లో గుర్తించడం ఆ గోడకు పడిన మొదటి బీటల్లో ఒకటి.

ఇప్పుడు ఫోన్లు ఈ సమస్యను మరింత ముదరబెట్టాయి. పదిహేనేళ్ల క్రితం చెంపదెబ్బ చూసింది నలుగురైతే, నాలుగు రోజుల్లో ఆ సంగతి మర్చిపోయేవారు. ఇప్పుడు అదే దెబ్బ రీల్ అవుతుంది, గ్రూపుల్లో తిరుగుతుంది, కాలేజీ కుర్రాడు క్లాసులోకి అడుగుపెట్టగానే వెనక బెంచీ నవ్వుతుంది. సుబ్బారావు తీర్పు నమ్మకం పెట్టుకున్నది కాలం మీద. గంటలు గడిస్తే వేడి తగ్గుతుందని. వీడియో రోజూ ఆ దెబ్బను కొత్తగా కొడుతుంటే వేడి తగ్గేదెలా? కొట్టినవాడి మీద పెట్టే కేసులో, అవమానించే ఉద్దేశంతో దాన్ని తీసి పంచినవాడి పేరు కూడా ఉండాలని నా అభిప్రాయం.

అడ్డుకున్నవాళ్ల గురించి వార్తలు రావు, కానీ వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లు చేసే పని గమనించదగ్గది. ఊగిపోతున్నవాడికి తప్పొప్పులు చెప్పరు. "నీతో పనుంది, అర్జంటుగా రా" అని చెయ్యి పట్టుకుని బండెక్కిస్తారు. "వాడితో నీకేంటి మామా, నీ స్థాయేంటి" అంటారు. వెనక్కి తగ్గడానికి గౌరవమైన సాకు ఇస్తారు. ఓడిపోయి వెళ్లలేదని, పనుండి వెళ్లాడని నలుగురికీ చూపిస్తారు. అయితే ఇది సమానుల మధ్య గొడవకే సరైన మందు. చుండూరులాంటి చోట పెద్దమనుషులు రాజీ పేరుతో అవమానం మింగమని బలహీనులకే చెబుతారు. అది గొడవ ఆపడం కాదు, దాడి చేసేవాళ్ల పక్షాన చేరడం.

ప్రభుత్వం చేతిలో పనిముట్లు లేకపోలేదు. ఎన్నికలప్పుడు, పండగలప్పుడు రౌడీషీటర్లను తహసీల్దారు ముందు బైండోవర్ చేయడం మన పోలీసులకు బాగా అలవాటు. నాగరిక్ సురక్షా సంహిత 126వ సెక్షన్ ప్రకారం శాంతికి భంగం కలిగిస్తారనుకునే ఎవరినైనా అలా పూచీకత్తుకు కట్టడి చేయవచ్చు. కూతురి పెళ్లి విషయంలో బహిరంగంగా బెదిరించిన తండ్రికి, ప్రేమ పేరుతో వెంటపడి బెదిరించిన కుర్రాడికి దాన్ని ఎన్నిసార్లు వాడారు? మొదటి ఫిర్యాదు వచ్చినప్పుడు "ఇంటి గొడవ, మీరే మాట్లాడుకోండి" అని పంపేసిన స్టేషన్లు ఎన్ని? శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు 2018 మార్చి 27నే స్పష్టంగా చెప్పింది: ఇష్టపడి పెళ్లి చేసుకున్న జంటల రక్షణకు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలి, రక్షిత గృహాలు ఉండాలి, ముప్పు తెలిసీ కదలని అధికారుల మీద చర్య ఉండాలి. మిర్యాలగూడ హత్యకు, ఆ తీర్పుకు మధ్య ఉన్నది ఆరు నెలల లోపే. ఆ విభాగం తమ జిల్లాలో ఎక్కడుంది, దాని ఫోన్ నంబరేది, ఇప్పటిదాకా ఎందరికి ఆశ్రయమిచ్చింది అన్న వివరాలను రెండు తెలుగు రాష్ట్రాల ఎస్పీలు, కమిషనర్లు ప్రతి పోలీసు స్టేషన్ గోడ మీద, ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద రాయించాలి. హత్య కేసు చార్జిషీటులో కూడా, అవమానం జరిగినప్పటి నుంచి దెబ్బ పడేదాకా ఎవరెవరు నిందితుడి పక్కన ఉన్నారో, ఏమన్నారో నమోదు కావాలి.